హైదరాబాద్ నుంచి హర్ కీ దూన్‌కి: పిల్లల బృందంతో వారం రోజుల కొండ నడకకు సమగ్ర మార్గదర్శి

పిల్లల్ని హిమాలయాలకు తీసుకెళ్తున్నామనగానే ఇంట్లో వాళ్ళు అడిగేవి రెండే: చలికి ఏం కొనాలి, తిండి ఎలా? రెండూ అవసరమే, కానీ వాటికి పది రోజులు చాలు. ముందు తేల్చుకోవాల్సింది మన చేతిలో ఎన్ని రోజులున్నాయన్నది. హైదరాబాద్ సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది. పిల్లలు చేరబోయేది 3,500 మీటర్ల పైకి. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉండేదాంట్లో ఇంచుమించు మూడింట రెండు వంతులే. ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. ఆ లోటుకు ఒళ్ళు అలవాటు పడటానికి రోజులు పడుతుంది. ఇక్కడ గ్రౌండ్‌లో ఎన్ని రౌండ్లు పరిగెత్తినా ఆ రోజులు తగ్గవు. స్కూల్ కబడ్డీ టీమ్‌లో ఆడే అబ్బాయి తలపట్టుకుని కూర్చోవడం, ఎప్పుడూ ఆటల జోలికి పోని అమ్మాయి హాయిగా నడిచిపోవడం ఆ ఎత్తులో మామూలే.

కాబట్టి పిల్లల క్షేమం చాలావరకు హైదరాబాద్‌లోనే, క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడే తేలిపోతుంది. సెలవులు తక్కువ ఉన్నాయని ఒక రోజు కోసేస్తే, ఆ కోత పడేది అలవాటు పడే రోజు మీదే. ఈ మార్గదర్శిలో మిగతా సలహాలను మీ వీలునుబట్టి మార్చుకోండి. రోజుల లెక్కను మాత్రం మార్చొద్దు.

మొదటి అడుగు: తేదీలు

తెలంగాణలో బడులకు వేసవి సెలవులు మామూలుగా ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఉత్తరాఖండ్ కొండల్లో మే నెల నడకకు అనువైన కాలం. మంచు చాలావరకు కరిగిపోయి ఉంటుంది, వర్షాలు ఇంకా మొదలు కావు. జులై, ఆగస్టుల్లో కొండచరియలు విరిగిపడతాయి, అప్పుడు ఎవరు పిలిచినా వెళ్ళొద్దు. సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా ఆకాశం అద్దంలా ఉంటుంది, కొండలు కనబడటానికి అదే మంచి కాలం. దసరా సెలవులు దాదాపు అప్పుడే వస్తాయి. కాకపోతే బతుకమ్మకు ఆడపిల్ల ఇంట్లో లేకపోతే ఎలా అని తల్లులు అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోకండి. ఇష్టంలేకుండా పంపిన ఇంటి నుంచి వచ్చిన పిల్ల మనసు ఇంటి మీదే ఉంటుంది. నా ఓటు మే రెండో సగానికి. ఇంటర్ పూర్తిచేసిన పిల్లలుంటే ఈఏపీసెట్ తేదీలు చూసుకున్నాకే ఖాయం చేయండి.

నడక ఏడు రోజులే అయినా ఇల్లు వదిలి ఇల్లు చేరడానికి 13 రోజులు పడుతుంది. దానికి ఒక రోజు కలిపి 14 రాసుకోండి. ఆ అదనపు రోజు వానకో, మూసుకుపోయిన రోడ్డుకో, కాలు బెణికిన పిల్లకో. తిరుగు రైలు టికెట్ దానికి తగ్గట్టే తీయాలి.

రెండో అడుగు: ఎక్కడికి

కనుమలు దాటే ట్రెక్‌లు పేరుకు గొప్పగా ఉంటాయి, ఫొటోలు ఇంకా గొప్పగా ఉంటాయి. పిల్లల మొదటి యాత్రకు మాత్రం నేను లోయ దారినే ఎంచుకుంటాను. కనుమ దాటిన తర్వాత ఒక పిల్లాడికి ఒంట్లో బాగోలేకపోతే వెనక్కి దిగాలన్నా మళ్ళీ ఎక్కాల్సిందే. లోయలో అలా కాదు, ఏ క్షణం వెనక్కి తిరిగినా మొత్తం మీద దారి కిందికే.

ఉత్తరకాశీ జిల్లాలోని హర్ కీ దూన్ అలాంటి లోయ. ఎత్తు 3,566 మీటర్లు. ఊళ్ళ మధ్య నుంచి, దేవదారు చెట్ల నీడలో, నది పక్కనే దారి సాగుతుంది. లోయ చివర 6,252 మీటర్ల స్వర్గారోహిణి శిఖరం నిలబడి ఉంటుంది. మహాప్రస్థానంలో పాండవులు నడిచింది ఈ దారినేనని అక్కడివాళ్ళు చెబుతారు. భారతం కథలు విన్న పిల్లలకు ఆ పేరు వినగానే కళ్ళు మెరుస్తాయి. ఈ ప్రాంతం గోవింద్ పశు విహార్ జాతీయ ఉద్యానవనంలో ఉంది కాబట్టి అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

మూడో అడుగు: ఏడు రోజుల నడకను కాగితం మీద పెట్టడం

గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెరగకుండా అదే చోట ఇంకో రాత్రి ఉండాలి. పగలు పైకి ఎక్కి రాత్రికి కిందికి వచ్చి పడుకోవడం మంచిదే. లెక్కలోకి వచ్చేది పడుకున్న ఎత్తు.

దాన్నిబట్టి ఇలా వేసుకోవచ్చు. మొదటి రోజు డెహ్రాడూన్ నుంచి బండిలో చేరుకునే సాంక్రి ఊళ్ళోనే, సుమారు 1,950 మీటర్ల దగ్గర. ముందు రోజు ఘాట్ రోడ్డు ప్రయాణంతో అందరూ అలిసిపోయి ఉంటారు. పొద్దున ఆలస్యంగా లేచి, పక్కనున్న సౌర్ ఊరిదాకా తిరిగొచ్చి, సంచులు మళ్ళీ సర్దుకుంటే చాలు. రెండో రోజు జీపులో తాలుకా దాకా వెళ్ళి, అక్కడి నుంచి నది పక్కనే నడిచి గంగాడ్ దాటాక 2,500 మీటర్ల దగ్గర మకాం. మూడో రోజు ఓస్లా ఊరి పొలాల మీదుగా ఎక్కి కల్కటియాధార్ వైపు, సుమారు 3,000 మీటర్లకు. నాలుగో రోజు అక్కడే. మధ్యాహ్నం లోపు ఓ రెండు మూడు వందల మీటర్లు ఎక్కి దిగితే ఒళ్ళు అలవాటు పడుతుంది. ఐదో రోజు తెల్లవారుజామునే బయల్దేరి హర్ కీ దూన్ చూసి, చీకటి పడకముందే అదే మకాంకి తిరిగి రావాలి. ఆరో రోజు కిందికి సీమా దగ్గరికి, ఏడో రోజు తాలుకా మీదుగా సాంక్రికి.

హర్ కీ దూన్‌లోనే గుడారం వేసుకోవాలని పిల్లలు పట్టుబడతారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాల్‌లలో, అంటే ఎత్తైన పచ్చిక మైదానాల్లో, రాత్రి బసను నిషేధించింది. ఆ ఏడాది ఎక్కడ పడుకోనిస్తారో అటవీ శాఖ వాళ్ళనే అడిగి నడుచుకోండి. అనుమతి ఉన్నా సరే, 3,000 దగ్గర పడుకుని పైకి వెళ్ళిరావడమే పిల్లలకు క్షేమం. రాత్రిపూట ఎవరికైనా ఊపిరి ఆడకపోతే 500 మీటర్లు కింద ఉండటం ఎంత ధైర్యమో అప్పుడు తెలుస్తుంది.

నాలుగో అడుగు: ఎవరెవరు

పిల్లలు పన్నెండు మంది దాకా, వయసు 14 పైన. పెద్దవాళ్ళు కనీసం ముగ్గురు. అమ్మాయిలుంటే అందులో ఒక మహిళా లీడర్ తప్పనిసరి, ఇద్దరుంటే ఇంకా మంచిది. ఒకరికి ఒంట్లో బాగోక కిందికి దింపాల్సి వస్తే ఒక లీడర్, ఒక గైడ్ వాళ్ళతో వెళ్ళిపోతారు. అప్పుడు కూడా మిగిలిన పిల్లలకు సరిపడా పెద్దవాళ్ళు ఉండాలి. మన సంఖ్య ఆ లెక్కతోనే వేసుకోవాలి. అందుకే స్థానిక గైడ్లు ఇద్దరు కావాలి. వాళ్ళలో ఒకరైనా ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ లాంటి చోట కోర్సు చేసినవారైతే మేలు. గైడ్‌తో ఫోన్లో మాట్లాడేటప్పుడు ‘ఎంత తీసుకుంటావు’ అనే ముందు, ‘పోయినసారి ఎవరినైనా కిందికి దింపావా, ఎలా దింపావు’ అని అడగండి. ఆ జవాబులోనే మనిషి అర్థమవుతాడు.

ఆరోగ్యం విషయంలో మొహమాటం పనికిరాదు. ఫారంలో ‘ఏవైనా జబ్బులున్నాయా’ అని ఒక్క గీత పెడితే అందరూ ‘లేవు’ అని రాసేస్తారు. విడివిడిగా అడగాలి: ఆస్తమా, ఫిట్స్, చిన్నప్పుడు గుండెకు చేసిన ఆపరేషన్, షుగర్, ఈమధ్య వచ్చిన డెంగీ, వాడుతున్న మందులు, పడని మందులు. హిమోగ్లోబిన్ పరీక్ష అందరికీ చేయించండి. ఎదిగే వయసు అమ్మాయిల్లో రక్తహీనత ఎక్కువ, ముందే తెలిస్తే డాక్టర్ మందిచ్చి సరిచేయడానికి మూడు నెలల టైమ్ ఉంటుంది. ఆదిలాబాద్, భద్రాచలం వైపు గిరిజన కుటుంబాల పిల్లలు బృందంలో ఉంటే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బుకు పరీక్ష కూడా చేయించాలి. ఆ జబ్బున్న పిల్లలకు ఎత్తు ప్రాణాంతకం. జబ్బు లేకుండా ఆ లక్షణాన్ని మోసేవాళ్ళకు కూడా ఎత్తులో ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. వెళ్ళొచ్చో లేదో చెప్పాల్సింది డాక్టర్, లీడర్ కాదు.

ఐదో అడుగు: తల్లిదండ్రుల మీటింగ్

సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం పెట్టుకోండి. తల్లీ తండ్రీ ఇద్దరూ రావాలి, పిల్లలు కూడా అక్కడే కూర్చోవాలి. దారి మ్యాప్, రోజువారీ ఎత్తులు గోడ మీద వేసి చూపించండి. ‘ఫోన్ కలుస్తుందా సార్’ అని అడుగుతారు. సాంక్రి దాటాక ఫోన్ మీద ఆశ పెట్టుకోవద్దని తేల్చి చెప్పండి. హైదరాబాద్‌లో ఒకరిని సమాచారం చూసే మనిషిగా పెట్టండి. కబురు ఏదొచ్చినా ఆయన ద్వారానే ఇళ్ళకు చేరాలి. సాటిలైట్ ఫోన్ కొనుక్కెళ్దామని ఎవరో ఒకరు అంటారు. మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా అది దగ్గర పెట్టుకోవడం నేరం.

ఆ మీటింగ్‌లో తేలాల్సిన అసలు విషయం వెనక్కి తిరిగే నియమాలు. వాటిని ఇక్కడే, ఏసీ గదిలో, అందరూ స్థిమితంగా ఉన్నప్పుడు రాసి సంతకాలు పెట్టించాలి. తలనొప్పితో పాటు వికారమో కళ్ళు తిరగడమో ఉన్న పిల్లలు ఆ రోజు పైకి ఎక్కరు. లక్షణాలు ముదిరితే అర్ధరాత్రి అయినా కిందికి దిగుతారు. ఐదో రోజు మధ్యాహ్నం 12 గంటలకు ఎక్కడుంటే అక్కడి నుంచే వెనక్కి, హర్ కీ దూన్ కనబడుతున్నా సరే. ముగ్గురు లీడర్లలో ఒక్కరు ‘వద్దు’ అన్నా వద్దే, ఓట్లు లెక్కపెట్టేది లేదు. వెనక్కి వచ్చిన పిల్లను ఇంట్లో ఎవరూ ‘ఇంత ఖర్చు పెట్టి పంపితే’ అని ఒక్క మాట అనకూడదు. ఈ చివరి నియమం చదివేటప్పుడు తండ్రుల వైపు చూసి చదవండి. పిల్లలు తలనొప్పిని దాచేది ముఖ్యంగా ఆ మాటకు భయపడే.

పిల్లలకు మలావత్ పూర్ణ పేరు తెలిసే ఉంటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి, 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతోపాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఆ ఇద్దరినీ భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో నెలల తరబడి మెట్టు మెట్టుగా తయారుచేశారని పిల్లలకు చెప్పండి.

అదే ఏడాది, రెండు వారాలకే, జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఆగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. ఆ ఇళ్ళు మన ఊళ్ళోనే ఉన్నాయి. మనం వెళ్ళే దారిలో టోన్స్ నది మీద కూడా నైట్వార్–మోరి జలవిద్యుత్ కేంద్రం ఉంది. కాబట్టి ఫొటోకైనా, మొహం కడుక్కోవడానికైనా నదిలోని రాళ్ళ మీదికి ఎవరూ దిగరు. నీళ్ళు నింపుకోవాలంటే గైడ్ చూపించిన చోటే, లీడర్ పక్కనుండగానే.

ఆరో అడుగు: పన్నెండు వారాల తర్ఫీదు

ఫిబ్రవరి మధ్యలో మొదలుపెట్టండి. మొదటి నాలుగు వారాలు వారానికి నాలుగు రోజులు గంట సేపు వడివడిగా నడక. కేబీఆర్ పార్కో, ఇంటి దగ్గర గ్రౌండో, ఏదైనా సరే. ఐదో వారం నుంచి మెట్లు. మన ఊళ్ళో అపార్ట్‌మెంట్లకు కొదవ లేదు. లిఫ్ట్ మాని, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు సంచిలో వేసుకుని, ఐదంతస్తులు పదిసార్లు ఎక్కి దిగాలి. అసలు సంచి బరువు వచ్చేదాకా వారం వారం ఒక సీసా పెంచండి. దిగడాన్ని ఎవరూ పట్టించుకోరు గానీ మోకాళ్ళు పట్టేసేది తిరుగు దారిలోనే. దిగేటప్పుడు అడుగు చప్పుడు కాకుండా వేయమని చెబితే తొడ కండరాలు వాటంతటవే పనిచేస్తాయి.

ఆదివారాలు గోల్కొండ కోటకు. కింది ద్వారం నుంచి బాలా హిస్సార్ దాకా మెట్లు రెండుసార్లు. ఆ తర్వాత భువనగిరి కోట గుట్ట. అక్కడ నున్నటి బండ మీద బూటు ఎలా పట్టు దొరికించుకుంటుందో పిల్లలకు తెలుస్తుంది. ఎండ ముదిరాక ఐదున్నరకే మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగించండి.

పదో వారంలో వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో శని, ఆదివారాలు వరసగా, అసలు సంచి, అసలు బూట్లతో. రెండో రోజు పొద్దున పిల్లల మొహాలు చూడండి. మొదటి రోజు 10 కిలోమీటర్లు ఎవరైనా నడుస్తారు. ఒళ్ళు నొప్పులతో లేచి మళ్ళీ సంచి భుజాన వేసుకోవడం వేరే సంగతి, కొండల్లో రోజూ అదే. ఆ రాత్రి పిల్లలతోనే గుడారం వేయించి, టార్చి వెలుగులో సంచి సర్దించండి. ఈ రెండు రోజులకు రాని పిల్లల్ని హిమాలయాలకు తీసుకెళ్ళొద్దు, ఎవరి పిల్లలైనా సరే.

ఏడో అడుగు: సంచి

గుడారాలు, వంట సామాను కంచర గాడిదలు మోస్తాయి. పిల్లల సంచి వాళ్ళ బరువులో ఆరో ఏడో వంతు దాటకూడదు. 50 కిలోల అమ్మాయికి 7, 8 కిలోలు. 45 లీటర్ల సంచి సరిపోతుంది, నడుం బెల్టు గట్టిగా ఉండాలి. బరువు పడాల్సింది తుంటి మీద.

సామాను తనిఖీ పిల్లల ఇళ్ళల్లో కాకుండా అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, దుప్పటి పరిచి, దాని మీద కుమ్మరించి చేయాలి. అప్పుడు బయటపడతాయి: రెండు జీన్స్ ప్యాంట్లు, పెర్‌ఫ్యూమ్ సీసా, పవర్ బ్యాంకులు మూడు, అమ్మ చివరి నిమిషంలో దూర్చిన కాటన్ టవల్. ‘అన్నా, ఒక్క జీన్సే కదా’ అంటాడొకడు. ఆ జీన్స్ కాలు ఒకటి నీళ్ళలో ముంచి, పిండి, వాడి చేతికే ఇచ్చి ఆరేదాకా కూర్చోమనండి. కొండల మీద కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడినంతా లాగేస్తుంది. ఒంటికి అంటుకుని పాలిస్టర్ టీషర్ట్ లేదా థర్మల్, దాని మీద ఫ్లీసో ఉన్ని స్వెట్టరో, చలికి ప్యాడింగ్ ఉన్న జాకెట్, అన్నిటి మీద వానకు, గాలికి పోంచో. ఈ పొరలే చలికి మందు. మే నెలలో కూడా రాత్రి సున్నా దగ్గరికి పోవచ్చు, కాబట్టి స్లీపింగ్ బ్యాగ్ దానికి తగ్గదై ఉండాలి.

బూట్లు చీలమండ దాకా వచ్చేవి, మేజోళ్ళు వేసుకున్నాక వేలి ముందు కొంచెం ఖాళీ ఉండేవి. సాయంత్రం పూట కొనండి, పొద్దుట్నుంచి తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. కనీసం నెల రోజులు వేసుకుని తిరగాలి. కొత్త బూటు కొండ మీద మొదటిసారి వేసుకోవడం అంటే బొబ్బల్ని పిలవడమే. ఇంకా: హెడ్‌ల్యాంప్, ఉన్ని టోపీ, గ్లవ్స్, ఎండ టోపీ, సన్‌స్క్రీన్, యూవీ ఆపే కళ్ళద్దాలు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీల కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. మన వాళ్ళు నల్లగా ఉన్నాం కదా మాకేం కాదని సన్‌స్క్రీన్ మానేస్తారు, రెండో రోజుకల్లా ముక్కు తోలు ఊడుతుంది. స్వెట్టర్లకు పెద్ద షాపులకే పోనక్కర్లేదు. చలికాలంలో టిబెటన్లు మన ఊరికొచ్చి అమ్మేటప్పుడే కొని పెట్టుకోండి. స్లీపింగ్ బ్యాగులు సాంక్రిలో అద్దెకు దొరుకుతాయి.

అమ్మాయిలందరూ, ఆ వారం నెలసరి ఉన్నా లేకపోయినా, శానిటరీ ప్యాడ్లు తెచ్చుకోవాలి. ఎత్తులో, అలసటలో తేదీలు మారతాయి. వాడినవి కాగితంలో చుట్టి, జిప్ కవర్లో వేసి కిందికి తేవాలి. ఈ మాట మహిళా లీడర్ అమ్మాయిలతో విడిగా, సంకోచం లేకుండా మాట్లాడాలి.

ఎనిమిదో అడుగు: తిండి, నీళ్ళు

మన పిల్లలకు అన్నం లేకపోతే తిన్నట్టుండదు. 3,000 మీటర్ల దగ్గర నీళ్ళు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. మామూలు గిన్నెలో అన్నం పలుకుగా మిగిలిపోతుంది, కందిపప్పు ఎంతసేపు ఉడికించినా ఉడకదు. ప్రెషర్ కుక్కర్ ఉందో లేదో గైడ్‌ని ముందే అడగండి, పప్పుకి పెసరపప్పు వాడమనండి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అప్పుడే తిండి ఎక్కువ అవసరం. నోటికి రుచి తగిలితేనే ఆ మూడో ముద్ద దిగుతుంది. అందుకే కందిపొడి, గోంగూర పచ్చడి, కొంచెం నిమ్మకాయ పచ్చడి తప్పకుండా పట్టుకెళ్ళండి. ఆవకాయ నూనె కారి సంచి మొత్తం పాడుచేస్తుంది, రెండు కవర్లు, దాని మీద గట్టి డబ్బా. దారిలో తినడానికి ఒక్కొక్కరికి ఏడు చిన్న పొట్లాలు, రోజుకొకటి: పల్లీ పట్టీ, నువ్వుండ, ఎండు ఖర్జూరం, వేయించిన అటుకులు. సున్నుండలు చేసిచ్చే నాయనమ్మ ఎవరింట్లో ఉన్నా ముందే మాట్లాడుకోండి.

నీళ్ళు రోజుకు మూడు నాలుగు లీటర్లు. మరిగించినవో, క్లోరిన్ మాత్ర వేసినవో. 90 డిగ్రీల్లో మరిగినా క్రిములు చస్తాయి, ఆ భయం అక్కర్లేదు. ‘దాహం లేదన్నా’ అనే పిల్లల్ని మూత్రం రంగు అడగండి. పచ్చగా చిక్కబడితే వాళ్ళ సీసా ఖాళీ అయ్యేదాకా పక్కనే కూర్చోండి.

తొమ్మిదో అడుగు: టికెట్లు, అనుమతులు, డబ్బు

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. వేసవిలో ఢిల్లీ రైళ్ళు మొదటి గంటలోనే నిండిపోతాయి, పేర్లు, వయసులు, గుర్తింపు కార్డులు ముందు రాత్రే సిద్ధం చేసుకోండి. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున బయల్దేరితే మర్నాడు పొద్దునకి ఢిల్లీ, అక్కడి నుంచి రాత్రి రైల్లో డెహ్రాడూన్. మే నెలలో చార్‌ధామ్ రద్దీ వల్ల డెహ్రాడూన్‌లో బండ్లు దొరకవు, వాటిని కూడా రెండు నెలల ముందే మాట్లాడుకోవాలి.

డెహ్రాడూన్ నుంచి సాంక్రికి దాదాపు 200 కిలోమీటర్లు, పూర్తిగా ఒక పగలు. పొద్దున ఆరింటికే బయల్దేరి చీకటి పడేలోపు చేరండి. మలుపుల్లో సగం మంది వాంతులు చేసుకుంటారు. అది ఎత్తు వల్ల కాదు, రోడ్డు వల్ల. కంగారుపడి ఎత్తు మందులు ఇవ్వకండి. డాక్టర్ చెప్పిన ప్రయాణపు వాంతుల మాత్ర బయల్దేరే ముందే వేసి, ముందు సీట్లో కూర్చోబెడితే చాలు.

ప్రవేశ అనుమతికి ఆధార్ నకళ్ళు, ఫొటోలు, మెడికల్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల అంగీకార పత్రం రెండేసి కాపీలు ఉంచుకోండి. బీమా తీసుకునేటప్పుడు పాలసీలో ఎత్తు పరిమితి చదవండి. చాలా ప్రయాణ పాలసీలు కొంత ఎత్తు దాటితే వర్తించవు. మొత్తం బడ్జెట్‌లో పదో వంతు ఎవరూ ముట్టుకోని నగదుగా లీడర్ దగ్గర ఉండాలి. అర్ధరాత్రి జీపు మాట్లాడాల్సి వస్తే అక్కడ యూపీఐ పనిచేయదు.

పదో అడుగు: దారిలో రోజూ

ముందు ఒక గైడ్, వెనక ఒక లీడర్. గైడ్‌ని దాటి ఎవరూ ముందుకు పోరు, వెనక లీడర్‌కు వెనక ఎవరూ ఉండరు. అందరికంటే నెమ్మదిగా నడిచే పిల్లను గైడ్ పక్కనే నడిపించండి. మహాప్రస్థానంలో ద్రౌపది పడిపోయినా, తమ్ముళ్ళు పడిపోయినా ధర్మరాజు వెనక్కి తిరిగి చూడలేదు. మన లీడర్ మాత్రం ప్రతి మలుపు దగ్గరా ఆగి, వెనక్కి చూసి, తలలు లెక్కపెట్టాలి.

నడుస్తూ మాట్లాడగలిగినంత వేగమే సరైన వేగం. గంటకు ఐదు నిమిషాలు ఆగడం, ఆగిన వెంటనే జాకెట్ వేసుకోవడం, లేవగానే తీసేయడం అలవాటు చేయండి. చెమటతో తడిసిన ఒంటికి గాలి తగిలితే చలి ఎముకల్లోకి దిగుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక కొండల్లో మబ్బులు కమ్ముతాయి, మకాం మారే రోజుల్లో ఆలోపే చేరాలి. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరకాశీ జిల్లాలోనే సహస్రతాల్ దగ్గర మంచు గాలివానలో చిక్కుకుని కర్ణాటక బృందంలో తొమ్మిది మంది చనిపోయారు. ఎండాకాలమే కదా అని పోంచో గాడిద మీద వేసేవాళ్ళకు ఈ సంగతి చెప్పండి. వణుకు, మాట తడబడటం, కాళ్ళు తట్టుకోవడం కనబడితే బృందం మొత్తం అక్కడే ఆగాలి. తడి బట్టలు మార్చి, స్లీపింగ్ బ్యాగులో దూర్చి, తియ్యటి వేడి టీ తాగించాలి.

మలవిసర్జనకు నీళ్ళకు 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట, తర్వాత మట్టి కప్పడం. తడి టిష్యూలు, చాక్లెట్ కాగితాలు అన్నీ సంచిలోనే కిందికి.

తలనొప్పి మొదలైతే

ఎత్తు జబ్బు 2,500 మీటర్లు దాటాక ఎవరికైనా రావచ్చు. తలనొప్పి, వికారం, నీరసం, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం. పొద్దున, సాయంత్రం ప్రతి పిల్లనూ విడిగా పిలిచి అడగాలి. అందరి ముందు ‘ఎవరికైనా తలనొప్పా’ అంటే ఒక్క చెయ్యి లేవదు. నోట్‌బుక్‌లో పేరు, తలనొప్పి పదికి ఎంత, తిన్నారా, నిద్రపోయారా, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో వేలికి పెట్టి చూసే ఆక్సీమీటర్ అంకె రాసుకోండి. ఆ అంకె ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోకండి. చల్లటి వేలికి అది తప్పు చూపిస్తుంది. పిల్ల మొహం, నడక, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూడండి.

తేలికపాటి తలనొప్పికి అక్కడే ఆగడం, నీళ్ళు, తిండి, పారాసిటమాల్. తగ్గేదాకా ఒక్క మీటర్ కూడా పైకి వద్దు. తగ్గకపోతే కిందికి. అసిటజోలమైడ్, అంటే డైమాక్స్, హైదరాబాద్‌లోనే డాక్టర్ ఒక్కో పిల్లకు విడిగా బరువునుబట్టి రాసివ్వాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు డాక్టర్‌కు ఆ సంగతి తప్పక చెప్పాలి. అది వేసుకుంటే మూత్రం ఎక్కువ వస్తుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. ఆ మాత్ర ఉందికదా అని రోజులు తగ్గించుకోవడం మాత్రం ప్రమాదం.

రెండు పరిస్థితుల్లో ఆలోచించడానికి కూడా టైమ్ లేదు. కూర్చుని ఉన్నా ఆయాసం, తగ్గని దగ్గు, నీలిరంగు పెదాలు, కఫంలో నురగ కనబడితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్నట్టు. మాట పొంతన లేకపోవడం, తూలడం మొదలైతే మెదడు వాస్తున్నట్టు. అనుమానం వస్తే నేల మీద కర్రతో గీత గీసి, మడమకు వేలు తగిలేలా పది అడుగులు వేయమనండి. ఈ పరీక్షను పిల్లలందరితో సాంక్రిలోనే, ఒంట్లో బాగున్నప్పుడు ఒకసారి చేయించి ఉంచితే తేడా వెంటనే తెలుస్తుంది. గీత మీద నిలబడలేకపోతే తెల్లవారేదాకా ఆగొద్దు. ఆక్సిజన్ సిలిండర్ పెట్టి, మోసుకునైనా వెంటనే కిందికి దింపాలి. కనీసం 300 నుంచి 1,000 మీటర్లు. ఒంటరిగా ఎప్పుడూ పంపకూడదు. ఒక గైడ్, ఒక లీడర్ తోడు వెళ్ళాలి. ఫోన్ కలిసిన మొదటి చోటు నుంచి 112కో 108కో చేయాలి. మోరి, పురోలాల్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలున్నాయి, పెద్ద వైద్యం డెహ్రాడూన్‌లోనే. ఈ దారి, ఈ నంబర్లు, బండి డ్రైవర్ ఫోన్ ఒక కార్డు మీద రాసి ముగ్గురు లీడర్ల జేబుల్లో ఉంచండి.

తిరిగొచ్చాక

స్లీపింగ్ బ్యాగులు, గుడారాలు రెండు రోజులు నీడలో ఆరేసి, నొక్కి కట్టకుండా వదులుగా పెట్టండి. వారంలోపు ఎవరికైనా జ్వరమో, తగ్గని దగ్గో వస్తే ఎక్కడెక్కడ తిరిగారో డాక్టర్‌కు చెప్పమని ఇళ్ళకు మెసేజ్ పంపండి. తర్వాతి ఆదివారం మళ్ళీ మీటింగ్. ఖర్చు రూపాయితో సహా చదివి వినిపించి, మిగిలిన డబ్బు అక్కడే పంచేయండి. ఆరోగ్య నోట్‌బుక్‌లో పిల్లల పేర్లు కొట్టేసి, ఏ రోజు ఏ ఎత్తులో ఎంతమందికి తలనొప్పి వచ్చిందో తేదీలవారీగా తిరగరాసి, వచ్చే ఏడాది పిల్లల్ని తీసుకెళ్ళే లీడర్‌కు ఇవ్వండి. వాళ్ళు క్యాలెండర్ వేసుకునేటప్పుడు మొదట తెరవాల్సింది ఆ పేజీలే.